చక్కెర తగ్గించి తీపి తినడం: బత్తాయి, నిమ్మగడ్డి కస్టర్డ్

(మన సంఘం ఉప్పల్ శాఖ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద మనం డి.ఏ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి, లైఫ్ సర్టిఫికెట్ల గురించి చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఈసారి కార్యదర్శి గారు నాకు అప్పగించిన విషయం వంట. ముప్పయ్యారేళ్లు ఫైళ్ల మధ్య గడిపిన గుమాస్తాకి గరిటె సంగతులు ఏం తెలుసని మీలో కొందరికి నవ్వు రావచ్చు. నవ్వండి. కానీ చివరిదాకా విని నవ్వండి.

పెన్షన్ అనేది సర్కారు దయతలచి ఇచ్చే దానం కాదు, ఉద్యోగి సంపాదించుకున్న హక్కు అని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ రోజునే మనం పెన్షనర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఏటా ఆ రోజు సభ అయ్యాక భోజనాలుంటాయి. ఆ భోజనాల దగ్గర నేను గమనించిన విషయం ఒకటుంది. మిఠాయి వడ్డన రాగానే మనవాళ్లు మూడు తరగతులుగా విడిపోతారు. మొదటివారు "ఒక్కరోజుకేం అవుతుందిలే" అని రెండు వేయించుకుంటారు. రెండోవారు విస్తరి మీద అరచెయ్యి అడ్డం పెట్టి "వద్దు నాయనా" అని తల తిప్పుకుంటారు. మూడోవారు కాగితంలో చుట్టి, మనవడికని చెప్పి, జేబులో వేసుకుంటారు. అది మనవడిదాకా చేరుతుందో లేదో ఆ పైవాడికే తెలియాలి.

ఈ మూడో తరగతి గురించే నా దిగులు. మా సెక్షనులో సూపరింటెండెంటుగా చేసిన పెద్దాయన ఒకరుండేవారు. నిప్పులాంటి మనిషి. షుగర్ వచ్చాక ఇంట్లో తీపి పూర్తిగా బందు పెట్టారు. డబ్బాలకు తాళాలు, కోడలి చేతిలో తాళంచెవులు. ఆయన సాయంత్రం వాకింగని బయల్దేరి మిఠాయి దుకాణం వెనక నిలబడి తినేవారు. తిన్నందుకు సిగ్గుపడి ఇంట్లో చెప్పేవారు కాదు, చెప్పకపోవడం వల్ల మందు మోతాదు ఎవరికీ అర్థమయ్యేది కాదు. చివరికి కాలి వేలు తీసేశారు. ఆసుపత్రిలో చూడబోతే ఆయన నాతో అన్న మాట ఇదీ: "తమ్ముడూ, వేలు పోయినందుకు కాదు, దొంగతనంగా తినాల్సి వచ్చినందుకు బాధగా ఉంది." బతుకంతా తన సంతకానికి విలువ ఉన్న మనిషి నోటి నుంచి ఆ మాట వినడం నాకు చాలా కష్టమనిపించింది.

2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి వారి సర్వే ప్రకారం మన దేశంలో 10 కోట్లకు పైగా మధుమేహులున్నారు. పెద్దవాళ్లలో నూటికి 11 మందికి పైమాటే. మన వయసు వాళ్లలో ఇంకా ఎక్కువ. కాబట్టి ఇది ఏ ఒక్క ఇంటి సమస్యా కాదు. పూర్తిగా మానమంటే చాటుగా తినేవాళ్లు తయారవుతారు. లెక్క ప్రకారం, అందరితోపాటు కూర్చుని, ఒక చిన్న కప్పు బహిరంగంగా తినే మార్గం చూపిస్తే చాటు అవసరం ఉండదు. నేను ఈ రోజు చెప్పదలచింది ఇంతే. మిగిలినదంతా ఆ కప్పు తయారీ.

మా ఇంటావిడకు పద్దెనిమిదేళ్లుగా షుగర్ ఉంది. కంటి లోపలి పొర దెబ్బతిని లేజరు చేయించాం. పొయ్యి దగ్గర ఆవిరికి ఆమెకు చూపు ఆనదు. అందుకని అరవై ఎనిమిదో ఏట నేను వంటింట్లో జాయినింగ్ రిపోర్టు ఇచ్చాను. ఎందరికో బొబ్బట్లు చేసి పెట్టిన మనిషి, మనవరాలి పుట్టినరోజున అందరూ కేకు తింటుంటే "నాకు ఆకలిగా లేదు" అని పక్క గదిలోకి వెళ్లడం చూసి, ఆమె తినగలిగిందేదో నేర్చుకోవాలనుకున్నాను. అలా కుదిరింది ఈ కస్టర్డ్.

కస్టర్డ్ పొడి పుట్టుక కూడా ఇలాంటిదే. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ పట్టణంలో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే మందుల వ్యాపారి ఉండేవాడు. అక్కడి కస్టర్డ్ గుడ్లతో చేసేది. ఆయన భార్యకు గుడ్డు పడేది కాదు. భార్య కోసం ఆయన 1837లో గుడ్డు బదులు మొక్కజొన్న పిండితో కస్టర్డ్ చిక్కబడే ఉపాయం కనిపెట్టాడు. నేడు మన పెళ్లిళ్లలో శాకాహారులు కూడా నిశ్చింతగా తింటున్న ఫ్రూట్ కస్టర్డ్‌కు మూలం అది. భార్యకు పడనిదాన్ని తీసేసి భార్యకు పెట్టాలనుకున్న మనిషి పని. ఆయన గుడ్డు తీసేశాడు, మనం చక్కెర తగ్గిస్తున్నాం. తేడా అంతే.

ఇక తీపి ఎలా తగ్గించాలి? చక్కెర తగ్గిస్తే చప్పగా ఉంటుందని అందరి భయం. నాలుకకు తెలిసేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు వంటి కొన్నే. మిగతా రుచి అంతా ముక్కు పని. జలుబు చేసినప్పుడు అన్నం చప్పగా ఉండటం మనందరికీ అనుభవమే. కాబట్టి చక్కెర తగ్గించిన చోట వాసన పెంచాలి. ఆ వాసన బత్తాయి తొక్కలో, నిమ్మ తొక్కలో, నిమ్మగడ్డిలో, పుదీనాలో ఉంది. నిమ్మ తొక్కకు, నిమ్మగడ్డికి ఆ వాసన ఇచ్చేది ఒకటే పదార్థం, దాని పేరు సిట్రాల్. అందుకే అవి రెండూ కలిస్తే ఒకదాన్నొకటి ఒప్పుకుంటాయి. ఇలాంటి సువాసన మొక్కల మీద పరిశోధన చేసే కేంద్ర సంస్థ, లక్నో వారి సీమాప్ పరిశోధన కేంద్రం, ఎక్కడో కాదు, మన ఉప్పల్ పక్కన బోడుప్పల్‌లోనే ఉంది. నిమ్మగడ్డి ఒక్క పిలక తెచ్చి కుండీలో పెడితే చాలు, మా నాచారం డాబా మీద ఏళ్ల తరబడి గుబురుగా పెరుగుతోంది.

బత్తాయి గురించి వేరే చెప్పాలా? నల్లగొండ జిల్లా సాత్‌గుడి బత్తాయి మనకు ఇంటి పంట లాంటిది. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు 2021లో బాటసింగారం తరలిపోయినా, ఉప్పల్ చౌరస్తా చుట్టుపక్కల తోపుడు బండ్ల మీద బత్తాయి దొరకని రోజు తక్కువ. నిగనిగలాడేదాన్ని కాదు, చేతిలో బరువుగా ఉన్నదాన్ని ఎంచుకోండి. బరువుంటే రసముంటుంది.

ఆరు చిన్న కప్పులకు కావలసినవి రాసుకోండి. టోన్డ్ పాలు అర లీటరు. కస్టర్డ్ పొడి పెద్ద చెంచాతో తలకొట్టి రెండున్నర చెంచాలు. చక్కెర టీ చెంచాతో తలకొట్టి నాలుగు, అంటే సుమారు 16 గ్రాములు. బత్తాయిలు రెండు. నిమ్మకాయ ఒకటి. నిమ్మగడ్డి ఆకులు మూడు. పుదీనా ఆకులు ఎనిమిది. ఇదివరకు మా ఇంట్లో ఇన్ని పాలకే పన్నెండు చెంచాల చక్కెర పడేది.

మొదటి పని కడగడం. తొక్క వాడుతున్నాం కనుక పండ్లను గోరువెచ్చని నీళ్లలో ఉప్పు వేసి బాగా రుద్ది కడిగి తుడవాలి. తరువాత ఒక బత్తాయి, నిమ్మకాయ పైతొక్కను తురుముడు పీట సన్నవైపు మీద తేలికగా తురమాలి. రంగు పొర వరకే. దాని కింది తెల్లటి బెండు తగిలిందా, చేదు దిగుతుంది, ఆ చేదును ఎంత చక్కెరా కప్పదు.

పాలలో ఒక చిన్న కప్పెడు పక్కకు తీసి చల్లగానే ఉంచండి. మిగతా పాలలో తొక్క తురుము, ముడివేసిన నిమ్మగడ్డి వేసి సన్నని మంట మీద పొంగు అంచుకు రానిచ్చి దించండి. అప్పుడు పుదీనా ఆకులు చేత్తో కొద్దిగా నలిపి వేసి మూత పెట్టండి. పుదీనాను మరిగిస్తే పసరు వాసన వస్తుంది. పదిహేను నిమిషాలయ్యాక టీ జాలీతో వడకట్టండి. మూత తీయగానే వచ్చే వాసనకే ఇంట్లోవాళ్లు వంటింటి గుమ్మం దగ్గరికి వస్తారు.

పక్కన ఉంచిన చల్లని పాలలో కస్టర్డ్ పొడి కలపండి. వేడి పాలలో నేరుగా వేస్తే పిండి పైన ఉడికి లోపల పొడిగా మిగిలి ఉండలు కడుతుంది. వడకట్టిన పాలను మళ్లీ పొయ్యి మీద పెట్టి, ఈ పిండి పాలను సన్నగా పోస్తూ గరిటె ఆపకుండా తిప్పండి. చిక్కబడి బుడగలు వచ్చాక ఇంకో రెండు నిమిషాలు ఉంచాలి. తొందరపడి దించితే పచ్చిపిండి రుచి ఉండిపోతుంది. చివర్లో చక్కెర వేసి కరిగించి దించండి. చల్లారేటప్పుడు నడుమ నడుమ కలుపుతుంటే పైన మీగడలా తెట్టె కట్టదు. కప్పుల్లో పోసి రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టండి.

బత్తాయి తొనల పైపొర, గింజలు తీసి, తినే ముందు మాత్రమే కస్టర్డ్ మీద అమర్చాలి. రసాన్ని వేడి పాలలో పోస్తే ఏమవుతుందో పన్నీరు చేసే ఆడవాళ్లకు నేను చెప్పక్కరలేదు. పాలు విరుగుతాయి. అందుకే వాసన కోసం తొక్క పాలలోకి, పులుపు కోసం తొన కప్పు పైకి. ఫ్రిజ్‌లోంచి తీసిన పది నిమిషాలకు తినండి. మరీ చల్లగా ఉంటే నాలుకకు తీపి తక్కువ తెలుస్తుంది. వేసిందే నాలుగు చెంచాలు, అదీ తెలియకపోతే ఎలా?

మరి తొన ఎందుకు, రసం ఎందుకు కాదు? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచన ప్రకారం విడి చక్కెరలు రోజు మొత్తం శక్తిలో పదో వంతుకు మించకూడదు. ఇరవయ్యో వంతుకు, అంటే సుమారు 25 గ్రాములకు, ఆరు టీ చెంచాలకు, తగ్గిస్తే ఇంకా మంచిది. ఈ విడి చక్కెరల్లో మనం కలిపే చక్కెర, తేనె, పండ్ల రసం వస్తాయి. పండుగా తింటే అందులోని తీపి ఈ లెక్కలోకి రాదు, పాలలో సహజంగా ఉన్నదీ రాదు. ఇప్పుడు మన టీల లెక్క చూసుకోండి. పూటకు రెండు చెంచాలు వేసుకుని రెండు టీలు తాగినవాడికి పొద్దుగూకేసరికి ఆరింట్లో నాలుగు ఖర్చయిపోయాయి. మన కప్పులో పడేది ఒక చెంచాలో మూడింట రెండు వంతులే.

అయితే విడి చక్కెర తక్కువ అన్నంత మాత్రాన లెక్క అక్కడితో ముగియదు. ఫైలు పూర్తిగా చదవాలి. పాలలోని సహజ చక్కెర కప్పుకు సుమారు 4 గ్రాములు, కస్టర్డ్ పిండి నాలుగుకు కాస్త తక్కువ, కలిపిన చక్కెర, బత్తాయి తొనలు రెండూ కలిపి అయిదున్నర. మొత్తం పిండిపదార్థం కప్పుకు 13 గ్రాముల దాకా నా అంచనా. ఒక చిన్న పుల్కాతో దాదాపు సమానం. కాబట్టి షుగర్ ఉన్నవారు ఆ పూట ఒక పుల్కానో, కొంచెం అన్నమో తగ్గించుకుని ఈ కప్పు తినాలి. పెరుగన్నం దాకా అన్నీ తిని ఆపైన ఇదీ తింటే అది అదనపు ఖర్చు, ఏ ఆడిట్ పార్టీ ఒప్పుకోదు. ఇంట్లో మీటరు ఉన్నవారు తిన్న రెండు గంటలకు చూసుకుంటే ఎవరి శరీరం ఎలా తీసుకుంటుందో వారికే తెలుస్తుంది.

మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఈ లెక్కలకు పెద్ద దిక్కు. 1918లో కూనూరులో ఒకే గదిలో బెరిబెరి పరిశోధనతో మొదలై, 1958లో హైదరాబాదు వచ్చి, 1969లో ఇప్పటి పేరు పొందింది. మన దేశపు ఆహార పదార్థాల్లో నూరు గ్రాములకు ఏమేముందో 2017లో ఆ సంస్థ కొత్త పట్టికలు వెలువరించింది. బస్సులో ఆ గేటు ముందు నుంచి ఏళ్ల తరబడి ఆఫీసుకు వెళ్లినవాళ్లం మనం. లోపల మన పళ్లెం లెక్కలే కడుతున్నారని మనలో ఎందరికి తెలుసు? అలాగే ఆహారంలో కల్తీని పరీక్షించే రాష్ట్ర ఆహార ప్రయోగశాల మన నాచారంలోనే ఉంది. కస్టర్డ్ పొడి కొనేటప్పుడు పొట్లం వెనక సన్నక్షరాలు మనవళ్ల చేత చదివించండి. కొన్నింట్లో చక్కెర ముందే కలిపి ఉంటుంది, అవి మనకు వద్దు.

ఇక కొన్ని జాగ్రత్తలు. ఇవి దయచేసి శ్రద్ధగా వినండి.

బెల్లం వేస్తే ఫరవాలేదని చాలామంది అంటారు. బెల్లంలోనూ అధికభాగం చక్కెరే. రంగు మారినంత మాత్రాన రక్తం మోసపోదు. తేనె సంగతీ అంతే. "షుగర్ ఫ్రీ" అని అమ్మే మిఠాయిల్లో కోవా, మైదా ఉండనే ఉంటాయి.

పంపర పనస, గ్రేప్‌ఫ్రూట్ అనే పెద్ద పండు, పుల్ల నారింజ, వీటిని బత్తాయి బదులు వాడకండి. కొన్ని బి.పి. మందులను, కొలెస్ట్రాల్ మందులను మన శరీరం ఖర్చు చేసే పద్ధతిని ఇవి అడ్డుకుంటాయి. మందు రక్తంలో పేరుకుపోతుంది. గ్రేప్‌ఫ్రూట్ రసం చేసే ఈ పని 1989లో కెనడా పరిశోధకుల కంట పడింది. బత్తాయి, కమలాలతో మామూలుగా ఈ చిక్కు లేదు. మూత్రపిండాల జబ్బు ఉండి పొటాషియం తగ్గించమని డాక్టరు చెప్పినవారు తొనలు వేసుకునే ముందు ఆయన్ని అడగాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి. ఇన్సులిన్ లేదా మాత్రలు వేసుకునేవారికి ఒక్కోసారి షుగర్ హఠాత్తుగా పడిపోయి చెమటలు, వణుకు వస్తాయి. అప్పుడు ఈ కస్టర్డ్ పనికిరాదు. స్పృహలో ఉంటే వెంటనే గ్లూకోజు గాని చక్కెర నీళ్లు గాని తాగించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇంట్లో చక్కెర డబ్బాకు తాళం వేసేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆ డబ్బా ఒక్కోసారి మందుల డబ్బా కూడా అవుతుంది.

నిమ్మగడ్డి దొరకకపోతే పుదీనా ఒక్కటే చాలు, రెండు ఏలకులూ వేసుకోవచ్చు. తులసి కూడా బాగుంటుంది, కాని తులసిని పాలతో కాచడం కొన్ని ఇళ్లలో ఒప్పుకోరు. అలాంటి ఇళ్లలో వద్దు. పళ్లు లేనివారికి, కట్టుడు పళ్లవారికి తొనలను చెంచాతో చిదిమి వేస్తే సుఖంగా దిగుతుంది.

ఈ సంచిక చదివే కుటుంబ సభ్యులకు, ముఖ్యంగా కొడుకులకు, కోడళ్లకు, కూతుళ్లకు, అల్లుళ్లకు ఒక మనవి. "అత్తయ్యా, మీరు తినకూడదు" అని నలుగురిలో అనకండి. మీరు ప్రేమతోనే అంటారు, కాదనను. కాని విస్తరి ముందు కూర్చున్న మనిషికి ఆ మాట చార్జి మెమో అందుకున్నట్టు ఉంటుంది. దాని బదులు "ఇది మీ కోసం వేరే చేశాం" అని ఒక చిన్న కప్పు ముందు పెట్టండి. మొదటిసారి అలా పెట్టినప్పుడు మా ఆవిడ చెంచా పక్కన పెట్టి "దీంట్లో నిజంగా చక్కెర ఉందా?" అని అడిగింది. ఉందన్నాను. "అయితే మెల్లగా తింటాను" అంది. అరగంట తిన్నది. ఆ అరగంటా మాతోనే కూర్చుంది.

చివరిగా ఈ సభ ముందు ఒక ప్రతిపాదన ఉంచుతున్నాను. వచ్చే పెన్షనర్ల దినోత్సవం భోజనాల్లో మామూలు మిఠాయితోపాటు అరవై కప్పుల ఈ కస్టర్డ్ వేరే బల్ల మీద పెట్టాలి. అంచనా సిద్ధం చేసి తెచ్చాను. టోన్డ్ పాలు అయిదు లీటర్లు, కస్టర్డ్ పొడి పావు కిలో, చక్కెర 160 గ్రాములు, బత్తాయిలు ఇరవై, నిమ్మకాయలు పది. నిమ్మగడ్డి, పుదీనా మా డాబా మీదివి, వాటికి బిల్లు పెట్టను. పెద్ద గిన్నెలో ఒకేసారి కాస్తే అడుగంటుతుంది కనుక రెండు విడతలుగా కాయాలి. తిప్పడానికి భుజం నొప్పి లేని సభ్యులు ఇద్దరు కావాలి. పేర్లు కార్యదర్శి గారి దగ్గర ఇవ్వగలరు.

ఈ ప్రతిపాదనను బలపరచవలసిందిగా సభ్యులను కోరుతున్నాను.